మా రోజుల్లో ముసలోళ్లకు తీరికెక్కడిది?

మా రోజుల్లో ముసలోళ్లను సంతోషపెట్టడానికి ఎవరూ బయల్దేరి వచ్చేవాళ్లు కాదు. సంతోషపడే తీరిక వాళ్లకుంటే కదా! మా నాయనమ్మ ఈడు మనిషి పొద్దున లేస్తే విత్తనాలకు బూడిద కలిపి కుండకు మూతి కట్టాలి, బాలింతకు పథ్యం చెప్పాలి, సంక్రాంతి ముందు సకినాల పిండి సరిగ్గా కుదిరిందో లేదో రెండు వేళ్లతో నలిపి తేల్చాలి. తాత అరుగు మీద తాడు పేనుతూనే గట్టు తగాదాలు తెంపేవాడు. ఇంటిల్లిపాదినీ తిట్టడం కూడా ఆయన పనే. దానికి మాత్రం ఏనాడూ నాగా పెట్టలేదు.

ఇప్పుడు నేనుండేది జనగామ దగ్గర ఒక వృద్ధాశ్రమంలో. ఆదివారం వచ్చిందంటే గేటు ముందు బైకులు ఆగుతాయి. ఒకడి పుట్టినరోజు, ఒకడి పెళ్లిరోజు, ఏదీ లేకపోతే హీరో పుట్టినరోజు. కేకు కోసేది వాళ్లు, చప్పట్లు కొట్టేది మేం. షుగరున్న నోట్లో క్రీము పెట్టి, "తాతా, జర నవ్వు" అంటూ సెల్లు ఎత్తుతారు. ఒక్క అరటిపండును నలుగురు పట్టుకుని నా చేతికిస్తారు, ఫొటో బాగా వచ్చేదాకా ఎవరూ వదలరు. ఆ తర్వాత స్పీకరు పెట్టి డీజే పాట. చెవి మిషను పెట్టుకున్నవాడి గతి అడగొద్దు.

పాటే కావాలంటే మాకు లేకనా? మా దిక్కున మాణిక్యాపురం చుక్క సత్తయ్య డోళ్ల మోత నడుమ ఒగ్గుకథ ఎత్తుకున్నాడంటే తెల్లారేదాకా ఒక్కరు లేచేవాళ్లు కాదు. ఆయన 2017లో పోయాడు. ఆ కథలు మల్లన్న పట్నాల కాడ విన్నవాళ్లం మా ఆశ్రమంలోనే ఉన్నాం. ఒక్క పిల్లగాడైనా "ఆ కథేంది తాతా?" అని అడిగితే ఒట్టు.

ఇక ఈ ఆశ్రమానికి ఎట్లా చేరామంటారా? 2016 అక్టోబర్ 11న వరంగల్‌ను చీల్చి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలు చేశారు. కలెక్టరాఫీసు దగ్గరికొచ్చింది, కొడుకులు మాత్రం పట్నం బండెక్కారు. మా పక్క మంచం ఆయన భూపాలపల్లి గనిలో చేసినవాడు. రిటైరైతే సింగరేణి క్వార్టరు ఖాళీ చేయాలి. 1998 నాటి బొగ్గుగని పింఛను పథకానికి కరువు భత్యంతో ముడి లేదు కాబట్టి ధరలు పెరిగినా చేతికొచ్చే డబ్బు అంతే. అవతలి మంచం మానుకోట (అదే మహబూబాబాద్) తండా అవ్వది. మిర్చి ఏరి ఏరి నడుము వంగింది. ఆమెకు సర్కారు పింఛను 2014లో 200 నుంచి 1000కి, 2019లో 2016 రూపాయలకు పెరిగింది. పిల్లలు చూడకపోతే ఆర్డీఓ దగ్గర ఫిర్యాదు పెట్టొచ్చని, నెలకు 10,000 దాకా ఇప్పిస్తారని 2007 చట్టం ఉంది. "కన్న కొడుకును కచేరీకి ఈడుస్తనా?" అంటుంది అవ్వ. ఆ చట్టం ఆమెకు అక్కడితో సరి.

అట్లని మా రోజులన్నీ బంగారమని చెప్తే నోరు పుచ్చిపోతుంది. అరుగు, దాని మీద పెత్తనం, భూమి ఉన్న తాతకే. కూలికి పోయి బతికినోడు చేతులు ఆడినన్నాళ్లే తిన్నాడు. పిల్లల్లేని ముసలమ్మ వాకిలి వాకిలీ తిరిగింది. చేసిన సేవ కూడా మనవాళ్లకే. వాడ దాటితే నీళ్లు కూడా పైనుంచి పోసేవాళ్లు. మొన్న మా ఆశ్రమంలో ఒక తండా పిల్లగాడు, ఒకప్పుడు ఊరిని గడగడలాడించిన పటేలు కాలు ఒళ్లో పెట్టుకుని గోళ్లు తీశాడు. పటేలు కిక్కురుమనలేదు. మా రోజుల్లో ఇది జరిగేదే కాదు. ఈ ఒక్క సంగతిలో నా నోటికి తాళం.

కానీ సణుగుడు ఆపను. మీకు మనసు లేదనడం లేదు, మమ్మల్ని పనికిరానివాళ్లను చేసి ముద్దు చేస్తున్నారంటున్నా. నిరుడు ఒకడొచ్చాడు, మైనింగ్ డిప్లొమా చదువుతున్నాడట. కేకు లేదు, పూలదండ లేదు. "తాతా, బాయిల పైకప్పు కూలేది ముందే ఎట్ల తెలుస్తది?" అని సింగరేణాయనను అడిగాడు. రోజూ గోడ దిక్కు తిరిగి పడుకునే మనిషి లేచి కూర్చున్నాడు. కర్రతో బండను ఎట్లా తట్టాలో, ఖంగుమంటే గట్టిదని, బొంగురుగా మోగితే బండ విడిచిందని మంచం పట్టె మీద కొట్టి చూపించాడు. పిల్లగాడు రాసుకుంటుంటే రెండుసార్లు తిట్టాడు కూడా. ఆ రాత్రి ఆయన నిద్రమాత్ర అడగలేదు.

ఇక ముసలోళ్లతో కలిసే ఉండే పిల్లల సంగతి వినండి. హాలండులో డెవెంటర్ అనే ఊరుందట. అక్కడి ఒక వృద్ధాశ్రమం పదేళ్లకు ముందే కాలేజీ పిల్లలకు కిరాయి లేకుండా గదులిచ్చింది. బదులుగా వాళ్లు నెలకు 30 గంటలు ముసలోళ్లకు మంచి పొరుగువాళ్లుగా ఉండాలి. కలిసి తినాలి, కంప్యూటరు నేర్పాలి, ముచ్చట పెట్టాలి. మన దగ్గర ఒకే ఇంట్లో ఉన్నప్పుడు లెక్క లేకుండా జరిగినదానికి వాళ్లు గంటలు కట్టారని నవ్వొచ్చింది. కానీ ఆ పిల్లలు రేపు పొద్దున కూడా అక్కడే ఉంటారు. మనవాళ్లు మళ్లీ పుట్టినరోజుకే.

కాబట్టి పిల్లలూ, ముప్ఫై మంది ఒక్కసారి రావద్దు. ఇద్దరు రండి, ప్రతి వారం అదే రోజు రండి. చేతిలో ఏదన్నా పని పట్టుకుని రండి. బతుకమ్మ పాట రాదా, అవ్వను పట్టండి. భూమి కాగితంలో పాత మాట అర్థం కాలేదా, నన్ను పట్టండి. ఇక మీ సెల్లుకు కూడా ఒక పనుంది. ఏటా నవంబర్‌లో మాలో రిటైరైనవాళ్ల పింఛన్లకు లైఫ్ సర్టిఫికెట్ పెట్టాలి. బొగ్గు తవ్విన వేళ్లకు గీతలు అరిగి మిషను మీద ముద్ర పడదు. ముఖం చూపించినా చెల్లే యాప్ ఉందట. ఫొటో తీయాలని అంత సరదాగా ఉంటే ఆ ఫొటో తీయండి. నవ్వమన్నా నవ్వుతాం.