అనర్గళంగా మాట్లాడకండి

పర్యావరణ సంరక్షణ రంగంలో ఉద్యోగం కావాలన్న పిల్లలకు అందరూ ఒకే మాట చెబుతున్నారు: కమ్యూనికేషన్ స్కిల్స్ పెంచుకో, స్పోకెన్ ఇంగ్లీష్‌లో చేరు, స్లైడ్లు చేయడం నేర్చుకో. నేను చెప్పేది దీనికి పూర్తిగా ఎదురు. ఆ ఫీజు డబ్బుతో జనవరిలో శ్రీకాకుళం తీరానికి బస్సెక్కండి. ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వచ్చే కాలమది. మరబోట్ల వలల్లో ఊపిరాడక చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చేదీ అప్పుడే.

అక్కడ తాబేలు గొప్పదనం చెప్పకండి. శ్రీకూర్మం గుడి ఉన్న జిల్లాలో అది ఎవరికీ తెలియని సంగతి కాదు. చచ్చిన తాబేలు కనిపించిన రోజున మనసు కరిగించవచ్చని చాలామంది అనుకుంటారు. ఆ రోజు అసలు నోరు విప్పకండి. మీరేం మాట్లాడినా బోటువాళ్లకు నిందలాగే వినిపిస్తుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉంటుంది. బోట్లు ఒడ్డునుంటాయి, వలలు బాగుచేసుకుంటారు. మాట్లాడాల్సింది అప్పుడు, ఆ వలల దగ్గర కూర్చుని. మైకు పెట్టి సభ చేస్తే ముందే ఒప్పుకున్నవాళ్లే వస్తారు.

ఇక అసలు విషయం. అవతలివాడి నష్టాన్ని మీరే ముందు చెప్పండి. ట్రాల్ వలలో బిగించే తాబేలు చట్రం ఒకటుంది. రొయ్యలు, చిన్న చేపలు చువ్వల సందుల్లోంచి వల సంచిలోకి పోతాయి. తాబేలు చువ్వలకు తగిలి వేరే దారిన బయటపడుతుంది. మన వలలకు సరిపడేలా కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ దీన్ని తయారుచేసింది. "చేప ఒక్కటీ పోదు" అని మాత్రం అనకండి. పెద్ద చేప కొంత పోతుంది. చువ్వలకు చెత్త పట్టుకుంటే ఇంకొంత పోతుంది. ఈ మాట సరంగు అనకముందే మీరు అనాలి. అప్పుడు రెండో లెక్క చెప్పండి: ఈ చట్రాలు సరిగా వాడడం లేదనే 2019లో అమెరికా మన సముద్రపు రొయ్యను ఆపేసింది. చెరువు రొయ్యకు ఆ నిషేధం లేదు కాబట్టి భీమవరం రైతుకు దెబ్బ తగల్లేదు, బోటు యజమానికి తగిలింది. ఇటు పోయే చేప, అటు పోయిన బజారు, రెండూ ఎదురెదురుగా పెట్టి ఊరుకోండి. లెక్క అతను వేసుకుంటాడు, మీకన్నా బాగా.

చెప్పేది మీరే కావాలని పట్టుబట్టకండి. తిమింగల సొరను చంపకూడదని 2001లోనే చట్టం వచ్చింది. గుజరాత్ జాలర్ల మనసుకు ఎక్కింది మాత్రం 2004లో రామకథలు చెప్పే మొరారీ బాపు చెప్పాకే. పురిటికి పుట్టింటికొచ్చే ఆడబిడ్డతో ఆయన ఆ చేపను పోల్చారు. దాన్ని వదలడానికి కోసేసిన వలకు పరిహారం కూడా ఏర్పాటైంది. అది లేకపోతే బాపు మాట సైతం ఎన్నాళ్లో నిలిచేది కాదని నా గట్టి నమ్మకం.

ఊళ్లో మీ మీద అందరికన్నా కోపంగా ఉన్న మనిషి దగ్గరికే ముందు వెళ్లండి. మామా అని పిలిచి, అతను చెప్పేది మధ్యలో అడ్డుపడకుండా రాసుకోండి. రేపు ఇంటర్వ్యూలో ఎంతమందిని ఒప్పించారో చెప్పొద్దు. ఒప్పుకోని ఆ ఒక్కడి అభ్యంతరం చెప్పండి, దాని పదును తగ్గించకుండా. అధికారులకు రాసే నివేదికలోనూ మొదటి పేరా అదే ఉండాలి. ఆ అభ్యంతరానికి దారి చూపాల్సింది వాళ్లే.