వైఫై సూత్రం: టీకా తాత్పర్య సహితం

మూలం: పాత పెట్టె పోవును, కొత్త పెట్టె వచ్చును, పేరు నిలుచును, ఫోనులు ఎరుగవు.

అవతారిక: దిగువ అహోబిలంలో రాతిగోడల మిద్దె ఒకటి అనుకుందాం. ముందుగదిలో వైఫైకి కొదవ లేదు, వంటింట్లో ఒకే గీత. ఇంటాయన కొత్త పెట్టెలు (రౌటర్లు) రెండు తెచ్చాడు. ఫోన్లు, టీవీ, ప్రింటరు, వాకిట్లో కెమెరా, సెలవులకొచ్చిన మేనల్లుళ్లు, అందరికీ మళ్లీ పాస్‌వర్డ్ కొట్టే ఓపిక మాత్రం లేదు. ఈ సూత్రం పుట్టింది అందుకే.

టీక: పేరు అనగా ఎస్‌ఎస్‌ఐడీ. 32 బైట్లు దాటరాదు. ‘నిలుచును’ అన్నచోట పాస్‌వర్డూ, భద్రత రకమూ కూడా నిలవాలని అధ్యాహారం చేసుకోవాలి. ఫోను గుర్తుపెట్టుకునేది ఈ మూడే. పెట్టె ఏ కంపెనీదో దానికి అనవసరం. ఇంగ్లీషులో పెద్దక్షరం చిన్నదైనా అది వేరే పేరే.

పాఠభేదం: కొందరు పేరును తెలుగులోనే పెడతారు. ముచ్చటే గానీ, యూటీఎఫ్-8లో తెలుగు అక్షరానికీ, గుణింతపు గుర్తుకీ తలా 3 బైట్లు. ‘అహోబిలం’ 21తో సరిపోతుంది. ‘అహోబిల నరసింహ’ 37 అవుతుంది, పట్టదు.

పూర్వపక్షం: రెండు పెట్టెలకూ ఒకే పేరైతే ఫోను తికమక పడదా?

సిద్ధాంతం: పడదు. నిదర్శనం ఊళ్లోనే ఉంది. నరసింహుడనే పేరు ఒకటే. జ్వాల, మాలోల, కారంజ, పావన అంటూ సన్నిధులు తొమ్మిది. ఎగువ అహోబిలానికీ దిగువకూ నడుమ దాదాపు 8 కిలోమీటర్లు. ఏ భక్తుడూ తికమక పడి వెనక్కి పోలేదు. అలాగే ప్రతి పెట్టెకూ బీఎస్‌ఎస్‌ఐడీ అనే 48 బిట్ల సొంత గుర్తు ఉంటుంది. దేన్ని పట్టుకోవాలో తేల్చుకునేది ఫోనే. కొన్ని ఫోన్లు మహా మొండివి: వంటింట్లో పెట్టె పక్కనే ఉన్నా ముందుగది పెట్టెనే పట్టుకు వేలాడతాయి. ఆ దోషం సూత్రకారుడిది కాదు.

అయితే ఐపీ అడ్రసులు పంచే పెత్తనం ఒక్క పెట్టెకే ఉండాలి. రెండోదాన్ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టాలి. ఇద్దరూ పంచడం మొదలుపెడితే ఫోను ఒక వాకిట, ప్రింటరు మరో వాకిట తేలతాయి. ప్రింటు రాదు, తిట్లు వస్తాయి.

విశేషం: పేరూ పాస్‌వర్డూ అక్షరం పొల్లుపోకుండా దింపినా కెమెరా ఒక్కటే మొరాయించవచ్చు. డబ్ల్యూపీఏ3 అనే భద్రత రకం వచ్చింది 2018లో. అంతకుముందు కొన్న సరుకులో చాలావాటికి డబ్ల్యూపీఏ2 దాకానే తెలుసు. కొత్త పెట్టెలో రెండూ కలిసిన అమరిక ఎంచుకోవాలి. 2.4 గిగాహెర్ట్జ్‌ను కూడా ఆపకూడదు. చవక ప్రింటర్లూ కెమెరాలూ చాలావరకు దాని మీదే బతుకుతాయి. పైగా రాతిగోడ దగ్గర 5 గిగాహెర్ట్జ్ ఇంకా త్వరగా చతికిలపడుతుంది.

అలంకారం: భ్రాంతిమంతం. కొత్తదాన్ని చూసి ఫోను పాతదే అనుకుంటుంది. పాస్‌వర్డ్ లేని వైఫై విషయంలో ఈ భ్రాంతి దొంగకూ అక్కరకొస్తుంది: అదే పేరు పెట్టి ఎవరు కూర్చున్నా ఫోను చనువుగా వెళ్లి అంటుకుంటుంది. కాబట్టి తాళం లేని పేరును కొనసాగించవద్దు.

ఇక పాత పెట్టెను ఎవరికైనా ఇచ్చేముందు, వెనక చిన్న రంధ్రంలోని రీసెట్ మీటను పిన్నుతో కాసేపు అదిమి పట్టండి. మీ వైఫై పేరూ పాస్‌వర్డూ ఇంకా అందులోనే ఉన్నాయి.