ఆయిల్ గేజి గోడు

ఇంజన్‌ను బండికి గుండె అంటారు. హెడ్‌లైట్లు కళ్లట, హారన్ గొంతట. నన్ను ఏ అవయవంతోనూ పోల్చినవాడు లేడు. కంపెనీ పుస్తకంలో డిప్‌స్టిక్ అని రాశారు, షెడ్డులో గేజి అంటారు, తెలియనివాళ్లు ‘ఆ పుల్ల’ అంటారు. నా ఒంటి మీద రెండే గుర్తులు. ఆయిల్ పై గుర్తు దాకా ఉంటే నిండు, కింది గుర్తు దాటి దిగిందంటే ప్రమాదం. ఎక్కడి దాకా ఉందో అక్కడి దాకా తడిసి కనబడటం తప్ప నాకు మరో విద్య రాదు.

1997లో గుర్‌గావ్‌లో ఒక తెల్ల మారుతి 800తో పాటు బయటికొచ్చాను. 796 సీసీ, మూడు సిలిండర్ల చిన్న ఇంజన్. అడుగున ఆయిల్ నిలిచే సంపులో పట్టేది మూడు లీటర్లకు కాస్త తక్కువ. ఈ లెక్క గుర్తుంచుకోండి, తర్వాత పనుంది.

గుంటూరులో ఒక లెక్కల మాస్టారు మమ్మల్ని కొన్నారు. ఆదివారం పొద్దున్నే, బండి స్టార్ట్ చేయకముందే బానెట్ ఎత్తేవారు. రాత్రంతా కదలకుండా ఉంటే ఆయిలంతా సంపులోకి దిగి ఉంటుంది, అప్పుడే లెక్క తేలేది. నా తల దగ్గరి ఉంగరంలో వేలు పెట్టి సర్రున లాగి, పాత బనీను గుడ్డతో తుడిచి, మళ్లీ అడుగంటా దించి తీసి, వెలుతురుకు అడ్డంగా పట్టి చూసేవారు. మొదటిసారి లాగినప్పుడు గొట్టానికి అంటిన ఆయిల్ కూడా నాకు పూసుకుంటుంది. రెండోసారి చెప్పిందే నా మాట. ఈ సంగతి మాస్టారికి ఎవరూ నేర్పలేదు, తనే కనిపెట్టుకున్నారు.

నా మొన నుంచి ఒక బొట్టు పేపరు అంచు మీద రాల్చేవారు. కాసేపయ్యాక మరక చుట్టూ పాకి పలచబడితే ఇంకా పనికొస్తుందని లెక్క. మసి పాకకుండా నడుమనే నల్లగా ముద్దకట్టి ఆగిపోతే షెడ్డుకు కబురు వెళ్లేది. ఒకసారి ఆ బొట్టు వారఫలాల మీద, సరిగ్గా అమ్మగారి రాశి మీద పడింది. ఆ వారమంతా ఇంట్లో ఏది చెడినా నన్నే అన్నారు.

మాస్టారు పోయించింది మామూలు మినరల్ ఆయిల్, 20డబ్ల్యూ-40. అయిదు వేల కిలోమీటర్లకోసారి మార్పు. మధ్యలో కాస్త తగ్గిందని నేను చెబితే గ్లాసుడు పోసి సరిచేసేవారు. అలా పదమూడేళ్లు, లక్షా ఇరవై వేల కిలోమీటర్లు తిరిగాం. తర్వాత ఆయన కళ్లకు శుక్లాలొచ్చాయి. బానెట్ మీద చెయ్యి వేసి నిలబడేవారు, ఎత్తేవారు కాదు. ఆ మరుసటేడు వెళ్లిపోయారు.

హైదరాబాదులో ఉద్యోగం చేసే అబ్బాయికి బండి దక్కింది. మంచివాడే. నాన్నగారి బండి అని సీటు కవర్లు మార్పించాడు, స్టీరియో పెట్టించాడు. ఓరోజు మెరిసే డబ్బా ఒకటి చంకన పెట్టుకుని షెడ్డుకొచ్చాడు. ఫుల్లీ సింథటిక్, 5డబ్ల్యూ-30. పదివేల కిలోమీటర్ల దాకా మార్చనక్కర్లేదని డబ్బా మీదే ఉంది.

షెడ్డు సాయిబుగారు డబ్బా అటూ ఇటూ తిప్పి చూశారు. “బాబూ, మందు మంచిదే. కానీ ఈ ఇంజన్‌కి రింగులరిగినయ్. ఇంత పల్చటిది పోస్తే తాగేస్తది.”

“మీరింకా ఆ కాలంలోనే ఉన్నారు బాబాయ్” అని నవ్వాడు అబ్బాయి.

ఇద్దరూ అన్నది కొంత కొంత నిజం. మినరల్ ఆయిలంటే ముడి చమురును శుద్ధి చేసి తీసింది. ఎంత శుద్ధి చేసినా, మరపట్టిన బియ్యంలో నూకలు మిగిలినట్టు, అందులో చిన్నా పెద్దా అణువులన్నీ కలిసే ఉంటాయి. వేడికి చిన్నవి ఆవిరైపోతాయి, మైనం జాతివి చలికి బిగుసుకుంటాయి. సింథటిక్‌లో అణువులన్నీ దాదాపు ఒకే కొలతకు కట్టినవి. రెండో ప్రపంచ యుద్ధంలో ముడి చమురు కరువైన జర్మనీ ఇలాంటి నూనెల తయారీకి దిగింది. తర్వాత జెట్ విమానాల ఇంజన్లకు ఇవే దిక్కయ్యాయి. కార్ల డబ్బాల్లోకి 1970ల్లో దిగాయి. ఇప్పుడు ఆ పేరుతో అమ్మే చాలా డబ్బాల్లో ఉన్నది కూడా ముడి చమురు బిడ్డే, హైడ్రోజన్‌తో గట్టిగా తోమి కొత్త రూపు కట్టినది. దాన్నీ సింథటిక్ అనొచ్చా అని అమెరికాలో రెండు పెద్ద కంపెనీలు తగువుపడితే, 1999లో అక్కడి ప్రకటనల పంచాయితీ అనొచ్చనే తేల్చింది.

డబ్బా మీది డబ్ల్యూ అంటే వింటర్, చలికాలం. 5డబ్ల్యూ ఆయిలైతే మైనస్ 30 డిగ్రీల్లో కూడా ఇంజన్ తిరుగుతుంది. గుంటూరులో పదహారు డిగ్రీలకే మఫ్లర్లు చుట్టుకుంటారు! మాకు పట్టే అంకె చివరిది. ఇంజన్ కాగి నూరు డిగ్రీలకొచ్చాక ఆయిల్ ఎంత చిక్కగా నిలుస్తుందో చెప్పేది అదే. నలభై అలవాటైన అరిగిన ఇంజన్‌కి ముప్పై పోశారు.

న్యాయంగా చెప్పాలంటే మొదటి వారం పండగే. తెల్లారి స్టార్ట్ చేయగానే ఆయిల్ చకచకా పైకెక్కేది, ట్యాపెట్ల చప్పుడు రెండు క్షణాల్లో సద్దుమణిగేది. ఆ ఒక్క వారం అబ్బాయి నన్ను లాగి చూశాడు కూడా. నల్లగా కనిపించేసరికి, “అప్పుడే మాడిపోయిందా, మోసం” అన్నాడు. మసిని కడిగి తనలో పట్టి ఉంచుకోవడమే దాని ఉద్యోగం నాయనా, నల్లబడిందంటే పనిచేస్తున్నట్టు! నాకు నోరేదీ. కోపంగా గొట్టంలోకి దోపి వెళ్లాడు. మళ్లీ ముట్టుకోలేదు.

కొత్త ఆయిల్‌లో కడిగే మందులు గట్టివి. పదమూడేళ్ల జిడ్డు మెల్లగా వదులైంది. క్రాంక్ వెనక సీల్ ఎప్పుడో అరిగిపోయినా ఆ జిడ్డే బిరడాలా అడ్డుకుని కాపాడుతోంది. అది కరిగింది, బొట్టు బొట్టుగా కారడం మొదలైంది. కొత్త టైల్స్ మీద మరకలు పడుతున్నాయని అబ్బాయి బండి కింద అట్టముక్క పరిచాడు. అట్ట నిండితే అట్ట మార్చాడు. బానెట్ ఎత్తలేదు.

ఇప్పుడు ఆ లెక్క తీయండి. కారింది కొంత, రింగుల సందుల్లోంచి ఎక్కి కాలింది కొంత, కలిపి వెయ్యి కిలోమీటర్లకు పావు లీటరు. ఎనిమిది వేలకు రెండు లీటర్లు. సంపులో పట్టేదే మూడుకు తక్కువ. పదివేలన్నది ఆయిల్ చెడిపోకుండా ఉండే గడువు. అంతకాలం తగ్గకుండా ఉంటానని ఏ డబ్బా మీదా రాయరు. మాస్టారైతే రెండో ఆదివారమే పట్టేసేవారు. చీకట్లో వేలాడుతూ, నా ఒంటి మీంచి ఆయిల్ ఒక్కో మెట్టు దిగిపోవడం నేనే చూశాను. పై గుర్తు పోయింది. కింది గుర్తూ పోయింది. చివరికి మొన ఆరిపోయింది.

మే నెల మధ్యాహ్నం గుంటూరు నుంచి విజయవాడ వెళ్తూ కాజ టోల్‌గేటు దాటాం. డాష్‌బోర్డు మీద ఆయిల్ డబ్బా బొమ్మ ఎర్రగా వెలిగింది. “సెన్సర్ పోయినట్టుంది” అని ఏసీ పెంచాడు. కాసేపటికి అడుగు నుంచి కటకట శబ్దం. స్టీరియో పెంచాడు. మంగళగిరి కొండ కనబడుతుండగా ఇంజన్ పట్టేసింది.

ఆటోనగర్‌లో మెకానిక్ చేసిన మొదటి పని నన్ను లాగడం. పైనుంచి కింద దాకా పొడి. సంపు విప్పితే అడుగున నల్లటి హల్వా, ఆయిల్ పీల్చే జాలీకి సగం దాకా అదే మెత్తింది. బేరింగులు రేకుల్లా చిట్లాయి. “సింథటిక్ పోయించడమే తప్పయింది, ఇంజన్ని తినేసింది” అని అబ్బాయి ఫోన్‌లో ఎవరితోనో చెబుతున్నాడు. ఒకసారి సింథటిక్ పోస్తే మళ్లీ మామూలుది పోయకూడదని పక్కనెవరో అందుకున్నారు. అదీ అబద్ధమే, రెండూ కలుస్తాయి. తగిన చిక్కదనం చూసి పోసి, నెలకు రెండుసార్లు నన్ను చూసి ఉంటే ఆ ఆయిలే మా ఇంజన్ని ఇంకో అయిదేళ్లు లాక్కొచ్చేది. నేను మెకానిక్ చేతిలోనే ఉన్నాను. ఎవరూ నా వైపు చూడలేదు.

బండి తూకానికి పోయింది. ఇంజన్ కొలిమికి పోయిందని విన్నాను. నన్ను మాత్రం షెడ్డు కుర్రాడు మేకుకు తగిలించాడు. కొన్నాళ్లు స్టవ్ బర్నర్ పొడిచాను, కొన్నాళ్లు వీపు గోకాను. ఆ పైన ఒక సెంట్రింగ్ మేస్త్రి, పలకలకు పూయడానికి వేస్ట్ ఆయిల్ కొనుక్కుంటూ నన్నూ అడిగి తీసుకెళ్లాడు. వాడేసిన ఆయిల్ ప్రమాదకర వ్యర్థమనీ, అనుమతి ఉన్న రీసైక్లర్లకే ఇవ్వాలనీ 2016 నాటి నిబంధనలు చెబుతాయి. ఆ కాగితం ఈ సందు దాకా వచ్చినట్టు లేదు.

ఇరవై లీటర్ల పాత పెయింటు డబ్బా, మూతకు కన్నం, అందులో నేను. రోజూ పొద్దున మేస్త్రి ఉంగరంలో వేలు పెట్టి లాగుతాడు. గోనెపట్టాతో తుడిచి, మళ్లీ దించి తీసి, ఎండకు అడ్డంగా పట్టి చూస్తాడు. ఇవాళ నిన్నటి కన్నా మూడు వేళ్లు తక్కువగా తడిశాను.

“ఒరేయ్, రాత్రి ఎవడ్రా తీసింది?” అని కేకేశాడు.