పిలవని వాన, పిలిచినా రాని బోరు

ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. ఈ అంకె వినగానే నిట్టూర్చడం ఆనవాయితీ. నిట్టూర్పు కాసేపు ఆపి ఒక లెక్క వేద్దాం. వంద చదరపు మీటర్ల మిద్దె మీద ఒక్క మిల్లీమీటరు కురిస్తే వంద లీటర్లు. అంటే ఏడాదికి 55 వేలు. ఆవిరికీ కారుడుకీ ఐదో వంతు వదిలేసినా 44 వేలు మిగులుతాయి. మనిషికి రోజుకు 55 లీటర్లన్న జల్ జీవన్ మిషన్ కొలతతో చూస్తే నలుగురున్న ఇంటికి 200 రోజుల నీళ్లు! మనం మాత్రం వాటిని గొట్టం పెట్టి మర్యాదగా వీధిలోకి సాగనంపి, వెయ్యడుగుల బోరు వేసి పాతాళగంగను బతిమాలుకుంటాం. పిలవకుండా వచ్చిన చుట్టమంటే మనకంత చులకన.

అసలు మనింట్లో నీళ్లకున్న కరువు కంటే నీళ్లకు పనులు పంచే తెలివికున్న కరువే పెద్దది. ట్యాంకరువాడికి డబ్బు పోసి కొన్న నీళ్లు పాత ఫ్లష్ ట్యాంకు మీట నొక్కగానే పది లీటర్లు గుటుక్కుమంటాయి. బియ్యం కడిగిన నీళ్లు ఒకప్పుడు కుడితి తొట్టికి వెళ్లి పాలై తిరిగొచ్చేవి. ఇప్పుడు సింకులోంచి మోరీలోకి పోయి దోమలై తిరిగొస్తున్నాయి. తాగే పనికి మంచినీళ్లు, తుడిచే పనికి వాడిన నీళ్లు అని విడదీస్తే సగం గొడవ తీరుతుంది.

‘అంత వాన ఎక్కడ దాస్తాం?’ అంటారు. నిజమే, 44 వేల లీటర్లూ ఒకేచోట దాస్తే ఇంట్లో సంపు ఉండదు, సంపులో ఇల్లుంటుంది. కానీ వానంతా ఒక్కరోజే కురవదు. చిన్న సంపైనా ఏడాదిలో పలుమార్లు నిండుతుంది, పొర్లింది ఇంకుడుగుంతకు పోతుంది. ‘మిద్దె మీద పావురాల రెట్టలో?’ తొలి జల్లు వదిలేసి, తర్వాతి నీళ్లు ఇసుకలో వడగట్టాలి. తాగాలంటే కాచుకోవాలి. ‘సబ్బునీళ్లకు మొక్కలు చావవా?’ సోడా కలిసిన సబ్బునీళ్లు రోజూ పోస్తే నేల చౌడుబారుతుంది కాబట్టి జాడించిన నీళ్లే పోయండి, అవీ ఏ రోజువి ఆ రోజే. ఆర్వో యంత్రం పారబోసే ఉప్పునీళ్లు మరుగుదొడ్డికీ నేల తుడవడానికీ పనికొస్తాయి. ఫ్లోరైడ్ ఉన్న ఊళ్లో అవి పశువులకు పెట్టకూడదు. ఇక ఏసీ నీళ్లంటారా, ఏసీ గాలిలో తేమను పిండుతుందే గాని కొత్తగా నీళ్లు పుట్టించదు. బెజవాడ ఉక్కలో బకెట్టు నిండొచ్చు, అనంతపురం మే నెల ఎండుగాలిలో చెంబు నిండడమే గగనం.

కాబట్టి తొలకరి రాకముందే మిద్దె ఊడ్పించండి, వీధివైపున్న గొట్టాన్ని సంపువైపు తిప్పించండి. ట్యాంకరువాడికి మీ మీద కోపం వస్తే, ఆ ఒక్క నష్టానికీ ఓర్చుకోండి.