పదిహేనో నంబరు

నా ఒంటి మీద నల్ల మార్కర్‌తో రాసిన 15 అనే అంకె ఉంది. అందులో ఐదు సగానికి పైగా చెరిగిపోయింది. ఒకటి మాత్రం ఇంకా కనబడుతుంది. బద్వేలు గరుసు నేల మీద ఇన్నేళ్లు ఎగిరి పడిన బంతికి అంతకంటే ఏం మిగులుతుంది? నేను బాస్కెట్‌బాల్‌ని. అందులోనూ ఆరో సైజు బంతిని, ఆడపిల్లల బంతిని. మగవాళ్లు ఆడే ఏడో సైజు బంతి నాకంటే చుట్టుకొలతలో ఒక అంగుళం పెద్దది, కొంచెం బరువు. ఆ అంగుళం తగ్గడం వల్లే ఎనిమిదో తరగతి పిల్ల చేతికి కూడా నేను నిండుగా అందుతాను. అందుకే నా బతుకంతా ఆడపిల్లల మధ్యే గడిచింది.

నేను పుట్టింది జలంధర్‌లో. దేశం రెండు ముక్కలైనప్పుడు సియాల్‌కోట్ నుంచి కట్టుబట్టలతో వచ్చిన ఆటసామాన్ల పనివాళ్లు స్థిరపడిన ఊరది. లోపల రబ్బరు బ్లాడరు, దాని చుట్టూ నైలాన్ దారం, ఆ పైన రబ్బరు తొడుగు. చెమట చేతికి కూడా పట్టు దొరకాలని తొడుగు నిండా ఆవగింజలంత బుడిపెలు. 2016 ఎండాకాలంలో పార్సిల్ లారీలో కడపకు చేరి, అక్కడి నుంచి బస్సులో మైదుకూరు మీదుగా బద్వేలుకు వచ్చాను. మా ఊరికి రైలు లేదు.

స్కూల్లో నన్ను అట్టపెట్టెలోంచి తీసింది పీటీ మేడం. ఒక కాలు కాస్త జాగ్రత్తగా మోపుతూ నడుస్తుంది. కాలేజీ రోజుల్లో యూనివర్సిటీ జట్టుకు ఆడుతూ, పైకెగిరి దిగేటప్పుడు మోకాలు మెలిపడి లోపల లిగమెంటు తెగిందట. ఆపరేషను చేయించే స్తోమత ఇంట్లో లేదు. ఆట అక్కడితో ఆగిపోయింది. ఆమె నన్ను భుజం ఎత్తుకు ఎత్తి వదిలింది. నడుము దాకా లేచాను. "గాలి సరిపోయింది" అంది. తర్వాత మార్కర్ తెచ్చి నా మీద 15 అని రాసింది.

"పదహైదు ఎందుకు మేడమ్?" అని అడిగింది ఒక పిల్ల. రెండు జడలు మడిచి రిబ్బన్లు కట్టుకున్న పిల్ల, బక్కపలచగా, ఎండకు కమిలిన మొహంతో.

"ఆస్ట్రేలియాలో లారెన్ జాక్సన్ అని ఒకామె ఉండాది. ఆమె నంబరు. ఆమె కంటే ముందు వాళ్లమ్మ నంబరు."

ఆ రోజు మొదలైంది లారెన్ కథ. మేడం దాన్ని ఒక్కరోజులో చెప్పలేదు. ఆట అయిపోయాక చింతచెట్టు నీడలో నా మీద చెయ్యేసి కూర్చుని, రోజుకు కాస్త చొప్పున ఏళ్ల తరబడి చెప్పింది.  ఆమె అరచేయి ఏ మాట దగ్గర బిగుసుకునేదో, ఏ మాట దగ్గర వదులయ్యేదో నాకు బాగా తెలుసు.

ఆల్బరీ అనే ఊరు. మర్రే నది ఒడ్డున, రెండు రాష్ట్రాల సరిహద్దులో ఉంటుంది. సిడ్నీలాంటి మహానగరం కాదు. అక్కడ 1981 మే 11న లారెన్ పుట్టింది. తండ్రి పేరు గ్యారీ, తల్లి పేరు మరీ. ఇద్దరూ ఆస్ట్రేలియా జట్లకు బాస్కెట్‌బాల్ ఆడినవాళ్లే. తల్లి అమెరికా వెళ్లి లూసియానా స్టేట్ యూనివర్సిటీకి కూడా ఆడింది. ఆమె వేసుకున్న 15 నంబరునే కూతురూ అడిగి వేసుకుంది. మేడం ఇక్కడ ఒక నిమిషం ఆగేది. తల్లి ఆడిన ఆటను కూతురు ఆడడం అనే మాట మా పిల్లలకు వింతగా ఉండేది. వాళ్ల అమ్మలు కట్టెలు మోశారు, వేరుశనక్కాయలు పెరికారు, బీడీలు చుట్టారు. ఆట అనేది ఆడపిల్లకు తల్లి నుంచి వచ్చే ఆస్తి కావచ్చని వాళ్లు అంతకుముందు వినలేదు.

పదహారేళ్లకు లారెన్ ఇల్లు విడిచి కాన్‌బెరాలోని ఆస్ట్రేలియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పోర్ట్‌లో చేరింది. ఆ కుర్రపిల్లల జట్టు 1998-99లో దేశంలోని పెద్ద లీగునే గెలిచింది. పంతొమ్మిదేళ్లకు సిడ్నీ ఒలింపిక్స్‌లో ఆడింది. ఫైనల్లో అమెరికా 76-54తో గెలిచింది. ఆ మ్యాచ్‌లోనే తోపులాటలో అమెరికా ఆటగత్తె లీసా లెస్లీ సవరం లారెన్ చేతికి ఊడి వచ్చింది. ఈ ముక్క చెప్పగానే పిల్లలంతా తమ జడలు పట్టుకుని పకపకా నవ్వేవాళ్లు. అప్పటి నుంచి ఆమె వాళ్లకు లారెనక్క.

2001లో అమెరికా మహిళల లీగు డబ్ల్యూఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో సియాటిల్ స్టార్మ్ జట్టు అందరికంటే ముందు ఆమె పేరే పిలిచింది. డ్రాఫ్ట్ అంటే పిల్లలకు అర్థం కాలేదు. "జట్లన్నీ వరసగా కూర్చుని, కొత్త ఆటగాళ్లలో నాకీమె కావల్ల, నాకీమె కావల్ల అని ఎంచుకుంటాయి. మొదటి వంతు వచ్చినోళ్లు లారెన్‌ను ఎంచుకున్యారు" అని మేడం గులకరాళ్లు పేర్చి చూపించింది. 2003లో లీగు మొత్తానికి ఉత్తమ క్రీడాకారిణి అయింది. అమెరికా బయట పుట్టిన మనిషికి ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి. 2007లో, 2010లో మళ్లీ అందుకుంది. 2004లో, 2010లో సియాటిల్‌కు కప్పు తెచ్చింది. మధ్యలో 2006లో బ్రెజిల్‌లో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్లో ఆస్ట్రేలియా రష్యాను 91-74తో ఓడించి బంగారు పతకం గెలిచింది. ఏథెన్స్‌లో, బీజింగ్‌లో మళ్లీ వెండి. 2012 లండన్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో దేశం జెండా మోసింది. ఆ ఏడాది కంచు.

ఈ పతకాల లెక్క మేడం గబగబా చెప్పేసేది. ఆమె అసలు చెప్పాలనుకున్నది ఆ తర్వాతిది. ఆమె వేళ్లు నా మీద బిగుసుకునేది అక్కడే.

ఆరడుగుల ఐదంగుళాల మనిషి. ఏడాది పొడుగునా ఏదో ఒక దేశంలో ఆట. ఒళ్లు ఒక్కోచోట ఒక్కోసారి మొరాయించింది. చివరికి మోకాలు. నొప్పి మాత్రలు లేకుండా రోజు గడవని కాలం ఒకటి గడిచిందని లారెనే తర్వాత చెప్పుకుంది. ఆడాలన్న కోరికతో ఆ మోకాలితో పెనుగులాడి, 2016 మార్చి ఆఖర్లో, రియో ఒలింపిక్స్ ముంగిట ఆట మానేస్తున్నానని ప్రకటించింది. అప్పటికామె వయసు 34. ఆమె ఆట మానేసిన ఏడాదే నేను బద్వేలు వచ్చాను. మార్కర్ పట్టుకున్నప్పుడు మేడం మనసులో ఉన్నది అదేనని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

అందుకే ఆమె పిల్లలకు బుట్టలో బంతి వేయడం కంటే ముందు నేల మీదికి దిగడం నేర్పింది. "ఎగరడం అందరూ ఎగురుతారు. దిగడం నేర్చుకోవల్ల. రెండు కాళ్ల మీదా దిగండి. మోకాళ్లు వంచండి. మోకాళ్లు రెండూ లోపలికి వాలగూడదు" అని అరిచేది. ఈ ఆటలో ఆడపిల్లలకు మోకాలి లిగమెంటు తెగడం మగపిల్లల కంటే ఎక్కువ. తొడ కండరాలకు బలం రావాలి, దిగే పద్ధతి సరిగ్గా ఉండాలి. రోజూ పావుగంట ఇదే పని. పిల్లలు విసుక్కుంటే ఒకటే మాట: "పోరుమామిళ్ల చెరువు 1369లో కట్టినారు. వెయ్యిమంది మనుషులు, నూరు బండ్లు, రెండేండ్ల పని అని శాసనంలో ఉండాది. కట్టి వదిలేసుంటే ఈపొద్దు దాకా నిల్చేదా? ఏటేటా కట్ట మీద మన్ను పోసినారు, తూములు చూసుకున్యారు. మీ మోకాళ్లు అంతకంటే తక్కువయా?"

ఆ జడల పిల్ల గురించి చెప్పాలి. రింగు పది అడుగుల ఎత్తు. కర్నూలు, కడప పిల్లలందరికీ అది ఒకటే ఎత్తు, లారెనక్కకూ అదే ఎత్తు. ఈ పిల్ల ఆ ఎత్తును ఎప్పుడూ లెక్కచేయలేదు. ఎడమచేయి నా పక్కన ఊతంగా, కుడిచేతి వేళ్లు నా వెనక. వదిలేటప్పుడు చివరిగా తాకేది చూపుడువేలు. అప్పుడు నేను వెనక్కి తిరుగుతూ గాలిలో సాగేదాన్ని. వల ఎప్పుడో చినిగిపోయింది కాబట్టి చప్పుడుండదు, ఇనుప రింగు మధ్యలోంచి చల్లగా జారిపోతాను. నేను పుట్టినందుకు అంతకు మించిన సుఖం నాకు లేదు.

మేడం ఆ పిల్లకు గీతూ అన్నా జోస్ గురించి చెప్పింది. కేరళలో కొట్టాయం దగ్గరి అమ్మాయి, దక్షిణ రైల్వేలో ఉద్యోగి, 2006 నుంచి ఆస్ట్రేలియాలో రింగ్‌వుడ్ హాక్స్ అనే జట్టుకు ఆడింది, 2011లో అమెరికా లీగు జట్ల ఎంపికలకు కూడా వెళ్లొచ్చింది. "రైల్వేలో ఆటకు ఉద్యోగమిస్తారు పాపా. నీకు చేయి ఉండాది" అంది. ఆ పిల్ల ఏమీ అనలేదు. ఆ సాయంత్రం చీకటి పడేదాకా నన్ను వదల్లేదు.

2018లో పదో తరగతి అయిపోయింది. ఇంటర్‌లో చేరింది కానీ ఆటకు రానివ్వలేదు. "మా నాయన ఒప్పుకోల్యా మేడమ్, పెద్దపిల్లవైనావు, నిక్కరేసుకుని ఎగరడం ఏంది అన్యాడు" అని గేటు దగ్గర నిలబడి చెప్పింది. మేడం వాళ్లింటికి రెండుసార్లు వెళ్లింది. తండ్రి కాఫీ ఇచ్చి మర్యాదగా పంపాడు. ఆయన చెడ్డవాడని నేననను. కూతురు ఆడితే రేపేమవుతుందో ఆయనకు ఎవరూ చూపించలేదు. ఆడకపోతే ఏం పోతుందో కూడా చూపించలేదు. కొన్నాళ్లకు పెళ్లయిందని విన్నాను.

2020 మార్చిలో కరోనాకు బడి మూసేశారు. నేను స్పోర్ట్స్ గదిలో బీరువా కింద పడ్డాను. వాల్వు దగ్గర సన్నగా గాలి పోతూ పోతూ, ఒక పక్క సొట్టపడి, సగం పగిలిన కొబ్బరిచిప్పలా అయిపోయాను. బడి తెరిచాక కూడా నన్నెవరూ తీయలేదు. గాలి లేని బంతికి రోజులు తెలియవు. ఎలుకలు తిరిగేవి. వానాకాలంలో గోడ చెమ్మగిల్లేది. ఆ చెమ్మకే 15 లోని ఐదు మసకబారింది.

2022 అక్టోబరులో ఒకరోజు తలుపు దడాల్న తెరుచుకుంది. మేడం వంగి బీరువా కిందకు చేయిపెట్టి నన్ను లాగింది. చెయ్యి వణుకుతోంది. నాలుగు రోడ్ల దగ్గర సైకిల్ షాపుకు తీసుకెళ్లింది. అతని దగ్గర పంపు ఉంది, బంతికి పెట్టే సూది లేదు. సూది కోసం మర్నాడు కడప పోయి తెచ్చింది. వాల్వు దగ్గర రెండు చుక్కల గ్లిజరిన్ వేసి సూది దించారు. గాలి లోపలికి వచ్చిన క్షణం నాకు ఇప్పటికీ గుర్తు. సొట్ట టప్పున విచ్చుకుంది.

ఆమె ఎందుకంత హడావుడి పడిందో సాయంత్రం తెలిసింది. ఫోన్‌ను పోలుకు ఆనించి కొత్త పిల్లలకు చూపించింది. సిడ్నీలో ప్రపంచ కప్పు, మూడో స్థానానికి మ్యాచ్, కెనడాతో. ఆట మానేసి ఆరేళ్లు దాటిన లారెనక్క, ఇద్దరు కొడుకుల తల్లి, 41 ఏళ్ల మనిషి, మళ్లీ ఆటకు దిగింది. ముందు తన ఆల్బరీ ఊరి జట్టుకు ఆడి, అక్కడి నుంచి దేశం జట్టులోకి వచ్చింది. ఆ ఊళ్లో స్టేడియానికి ఆమె పేరే ఉంది. ఆ మ్యాచ్‌లో ఆమె ఒక్కతే 30 పాయింట్లు కొట్టింది. ఆస్ట్రేలియా 95-65తో గెలిచింది. అంతకు ముందటేడే ఆమెను అమెరికాలో స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు. 1891లో జేమ్స్ నైస్మిత్ పీచ్ పళ్ల బుట్టలు జిమ్ బాల్కనీకి కొట్టి ఈ ఆట పుట్టించిన ఊరది. ఆటగాళ్లుగా అక్కడికి చేరిన ఆస్ట్రేలియన్లలో ఆమే మొదటిది. అంత గౌరవం పొందినవాళ్లు సాధారణంగా తిరిగి చెమట పట్టించుకోరు.

మేడం ఆ వీడియోను మూడుసార్లు చూపించింది. తర్వాత ఎవరితో ఏమీ అనకుండా లేచి, నన్ను పట్టుకుని, కాలు జాగ్రత్తగా మోపుతూ ఫ్రీ త్రో గీత దగ్గర నిలబడింది. ఇరవై ఏళ్ల తర్వాత ఆమె వేసిన మొదటి షాట్ అది. రింగు అంచుకు తగిలి బయటపడ్డాను. "మళ్లీ, మేడమ్" అన్నారు పిల్లలు.

2024 ఆగస్టులో పారిస్. లారెనక్కకు 43, అయిదో ఒలింపిక్స్. ఎక్కువ సేపు బెంచీ మీదే కూర్చుంది. మూడో స్థానం మ్యాచ్‌లో బెల్జియం మీద 85-81తో గెలిచి కంచు. పిల్లలు ఫోన్ చుట్టూ గుమిగూడి అరుస్తున్నారు. అప్పుడే గేటు దగ్గర ఎవరో నిలబడ్డారు. ఎర్ర అంచు చీర, చంకలో రెండేళ్ల పిల్లోడు.

"ఏం మ్మా, ఎప్పుడొచ్చినావు పుట్టింటికి?" అంది మేడం.

"నిన్న వచ్చినా మేడమ్." ఆమె చూపు నా మీద ఉంది. "ఇది అదే బంతి కదా."

మేడం నన్ను నేల మీద దొర్లించింది. ఆమె పిల్లోణ్ని దించి, కొంగు నడుముకు చుట్టి దోపుకుని, చెప్పులు విడిచింది. నన్ను పైకెత్తి బొటనవేలితో ఆ అంకెను తుడిచి చూసింది. అరచేయి గట్టిపడింది, చేనిపని చేసిన చేయి. అయినా ఎడమచేయి అదే చోట ఆనింది. మొదటిది బోర్డు పై అంచుకు తగిలింది. రెండోది రింగును కూడా అందలేదు. మోకాళ్లు వంచడం గుర్తుకు తెచ్చుకుని మూడోసారి ఎగిరింది. చూపుడువేలు చివరిగా తాకింది. నేను వెనక్కి తిరుగుతూ వెళ్లి రింగు మధ్యలోంచి జారాను. ఆమె రెండు కాళ్ల మీద దిగింది.

నేను దొర్లుకుంటూ చింతచెట్టు మొదలు దాకా పోయాను. పిల్లోడు నా వెంట పరిగెత్తాడు. ఎత్తబోయాడు, చేతకాలేదు. రెండు చేతులూ చాచి నన్ను కౌగిలించుకుని 15 మీద బుగ్గ ఆనించాడు.

"ఇటు తొయ్యి నాయనా, ఇంకోటి ఏచ్చా" అని పిలిచింది వాళ్లమ్మ.