గుఱ్ఱముల లెక్క

(ఇంగ్లండున కొవెంట్రీ నగరములోని యొక మరమ్మతు షెడ్డు. బానెట్టు తెఱచియున్న జాగ్వార్ ఈ-టైప్ కారు. దాని కిరుప్రక్కల బ్రోచరు భక్తుడు, టార్కు పండితుడు. క్రింద పానాతో మేస్త్రీ.)

భక్తుడు: 1961 మార్చిలో జెనీవా ప్రదర్శనమున అవతరించిన ఈ వాహనమునకు సాటి లేదనుటకు వేఱు ప్రమాణమేల? 3.8 లీటర్ల ఇంజను, 265 అశ్వసామర్థ్యము! బ్రోచరులో అచ్చుపడినది, కావున సత్యము.

పండితుడు: నాయనా, గుఱ్ఱములను లెక్కించుట పామరుల వేడుక. నిమిషమునకు 5500 భ్రమణములవద్దగాని దర్శనమీయని ఆ గుఱ్ఱములకన్న, 4000 వద్దనే 260 పౌండు-అడుగులతో వీపును సీటుకు అదిమిపట్టు టార్కు గదా నిత్యోపకారి!

భక్తుడు: టార్కే పరమార్థమైనచో ట్రాక్టరు కొనుక్కొనుడు, పండితులవారూ, దుక్కి కూడ దున్నుకొనవచ్చును.

మేస్త్రీ: (క్రిందనుండి) అయ్యలారా, టార్కును భ్రమణములతో గుణించి 5252తో భాగింపగా వచ్చునదే అశ్వసామర్థ్యము. 260ని 4000తో గుణించి చూడుడు, 198 గుఱ్ఱములే వచ్చును. 5500 వద్ద 265 రావలెనన్న టార్కు 253కు దిగవలెను. ఒకరు గుణ్యమును, ఒకరు లబ్ధమును పూజించుచు ఒకే యింజనుకై తగవులాడుచున్నారు. సరిగా 5252 భ్రమణములవద్ద మీ యిరువురి యంకెలును ఒక్కటగును. అచ్చట వాదమునకు తావుండదు గనుక ఆ చోటు త్వరగా దాటిపొండు.

భక్తుడు: లెక్క యెట్లున్నను 265 మాత్రము 265 యే గదా?

మేస్త్రీ: అది గ్రాస్ లెక్కయండీ. ఫ్యాను, డైనమో, ఎయిర్ క్లీనరు, సైలెన్సరు మొదలగు భారములను తప్పించి, ఇంజనును బెంచిమీద త్రిప్పి కొలిచినది. బ్రహ్మచారి నాటి మిగులును చూపి సంసారి అప్పు పుట్టించుకొనినట్లు! అమెరికాలో 1972 మోడళ్లనుండి నెట్ లెక్క అమలులోనికి రాగానే, ఇంజనులో మర యొక్కటియు మారకుండగనే, ఎన్నో కార్ల గుఱ్ఱములు లాయము విడిచి పాఱిపోయినవి.

పండితుడు: నా పక్షమునకు సాక్ష్యము వినుము. 1964లో సిలిండరు వ్యాసమును 87 నుండి 92 మిల్లీమీటర్లకు పెంచి 4.2 లీటర్ల ఇంజను పెట్టినపుడు టార్కు 283కు ఎగబ్రాకెను. నీ గుఱ్ఱములో, పాత 265 వద్దనే నెమరు వేయుచు నిలిచినవి!

భక్తుడు: గుఱ్ఱములు నెమరు వేయునా? పశుజ్ఞానమే లేనివారికి కార్ల సంగతి యెందుకు? పత్రికవారు స్వయముగా నడిపి గంటకు 150 మైళ్లు దాటించిరి, తెలియునా?

మేస్త్రీ: వారికిచ్చిన బండి కొనువారికిచ్చు బండి వంటిది కాదు, ప్రత్యేకముగా సవరించి సిద్ధపఱచినదని ప్రతీతి. అంగడిలో కొన్నవాడు ఆ వేగమును అందుకొనుట దుర్లభము. మఱి ఆ పత్రికబండి నంబరేమో తెలియునా? 9600 హెచ్.పి.!

భక్తుడు: (ఆనందబాష్పములతో) తొమ్మిదివేల ఆఱువందల గుఱ్ఱములా! ఉండికూడ బ్రోచరులో 265 అని మాత్రమే వ్రాసికొనిన కంపెనీవారి వినయమును ఏమని కొనియాడుదును!

పండితుడు: (జేబునుండి కాగితము తీసి చకచక గుణించి) 5500 భ్రమణములవద్ద 9167 పౌండు-అడుగులు! టార్కు మహిమను మొదటినుండియు చెప్పుచుంటిని గదా!