మాంద్యానికి మార్నింగ్ షో

దేశంలో మాంద్యం లేదని 2019లో అప్పటి కేంద్రమంత్రి రవిశంకర్ ప్రసాద్ తేల్చేశారు. ఆ ఏడాది అక్టోబర్ 2న మూడు సినిమాలు కలిసి 120 కోట్లు రాబట్టాయట. ఆర్థిక వ్యవస్థ బాగోకపోతే అంత డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుందని ముంబైలో అడిగారు. ఆ మూడింటిలో మన ‘సైరా’ కూడా ఉంది కాబట్టి, దేశాన్ని గట్టెక్కించిన పుణ్యంలో తెలుగువాడికీ వాటా దక్కింది. తీరా మర్నాడు, తాను సున్నిత మనస్కుణ్ణంటూ ఆయన మాట వెనక్కి తీసుకున్నారు. తొందరపడ్డారు. అంత మంచి సిద్ధాంతాన్ని గాలికొదిలేస్తే ఎలా?

అది అర్జెంటుగా కావలసింది ఫ్రీలాన్స్ పెళ్లి వీడియోగ్రాఫర్లకి. స్టూడియో బోర్డు లేదు, జీతం లేదు. నెల తిరిగేసరికి కెమెరా ఈఎంఐ మాత్రం ఉంది. పెళ్లివారు ముందు డ్రోన్ వద్దన్నారు, తర్వాత క్యాండిడ్ వద్దన్నారు, ఇప్పుడు లైట్ బాయ్‌కి కూడా ఎసరు పెట్టారు. దాంతో కుర్రాడు ఒక చేత్తో కెమెరా, రెండో చేత్తో లైటు పట్టుకుని తలంబ్రాలు తీస్తున్నాడు. గింబల్ పక్కూరి మిత్రుడిది. వాడికీ అదే ముహూర్తానికి పెళ్లి తగిలితే అంతే సంగతులు.

మంత్రిగారి లెక్కన దీనికి మందు ఒక్కటే. పెళ్లి వీడియోని థియేటర్లో వదలాలి, అదీ సెలవురోజు చూసి. కలెక్షన్లంటారా, చదివింపులు ఉండనే ఉన్నాయి. మండపం గుమ్మంలో బల్ల వేసుకుని, ‘గుంటూరు మావయ్యగారు, 516’ అని నోటుబుక్కులో ఎక్కించే బావగారే ట్రేడ్ ఎనలిస్టు. ఒకే ముహూర్తానికి మూడు పెళ్లిళ్లు పడితే సాయంత్రానికి ఊరి జీడీపీ తేలిపోతుంది. ఆ ఏడాది జూన్ త్రైమాసికంలో 5 శాతానికి జారిన వృద్ధిని అప్పగింతల్లోపే పైకి లేపొచ్చు. సెన్సారు బాధ్యత వియ్యపురాలిది: గిట్టని తోటికోడలు కనిపించిన షాట్లన్నీ కట్. బంతిలో మొహమ్మీద లైటు పడగానే ఎత్తిన ముద్ద విస్తట్లో పెట్టేసిన పెద్దమనిషికి గెస్ట్ రోల్. పైరసీ అంటే, పెళ్లికూతురి తమ్ముడి ఫోన్లోంచి వాట్సాప్ గ్రూపులకి మొత్తం ముందే పాకింది.

చిక్కల్లా గ్రాసు వేరు, షేరు వేరు కావడమే. పెళ్లి సూపర్ హిట్టు. వీడియోగ్రాఫర్ షేరు అడ్వాన్సు దగ్గరే ఆగిపోయింది. మిగతాది “ఆల్బమ్ వచ్చాక చూద్దాంలే బాబూ.” ఆల్బమ్ రావాలంటే పెళ్లికూతురు ఫొటోలు ఎంచాలి. ఆ అమ్మాయి బెంగళూరులో ఉంది, తీరిక లేదు. మిక్సింగ్ చేయించిన డబ్బులు మాత్రం అతను ఇప్పటికే చెల్లించుకున్నాడు.

దేశంలో షేరు పంపకమూ ఇంతే. 2019 సెప్టెంబరులో కంపెనీల పన్ను 30 నుంచి 22 శాతానికి దించారు. దానివల్ల ఖజానా వదులుకునేది 1.45 లక్షల కోట్లని సర్కారే చెప్పింది. కెమెరా కొన్నవాడు మాత్రం 18 శాతం జీఎస్టీ కట్టి బిల్లు జేబులో పెట్టుకోవాలి. అతనికేం ఊరట ఇచ్చారని అడిగిన నాథుడు లేడు. నిరుద్యోగం 6.1 శాతమన్న సర్వేని ఎన్నికలు అయ్యేదాకా తొక్కిపెట్టి ఆ ఏడాది మే 31న బయటికి వదిలారు. సినిమా వసూళ్లు మాత్రం పదిరోజులకే మంత్రుల నోట పలికాయి! సర్వే లెక్క తప్పట, బాక్సాఫీసు లెక్క ఒప్పట. ఇంత సిగ్గులేని మాట అనాలనుకుంటే మైకుల ముందు కాదు, కార్తీకం ముహూర్తాలకి ఒక్క అడ్వాన్సూ అందక కెమెరాని సగం ధరకి అమ్మకానికి పెట్టిన కుర్రాడి ముందు నిలబడి అనమనండి.